కాలినడక మొక్కు

షెఫీల్డుకి కూడా ఏడు కొండలట.
ఇల్లు అద్దెకిచ్చిన పెద్దమనిషి ఆ మాట అంటే
మా ఆవిడ గోడవైపు తిరిగి నవ్వుకుంది.
గుడి మాట అటుంచి
మా కొండ నెత్తిన నీరద వాళ్ల బడి ఉంది.

ఫిబ్రవరిలో మా కారు వార్షిక పరీక్ష తప్పింది.
తుప్పు, బ్రేకులు, ఇంకేదో గొట్టం.
మెకానిక్ కాగితం మీద వేసిన అంకె చూసి
"బాగయ్యేదాకా నడుద్దాంలే" అన్నాను,
వారం రోజుల మాటగా.

మొదటిరోజు సగం వీధి ఎక్కేసరికి
ఊపిరి గొంతులో అడ్డం పడింది.
ఏడేళ్ల పిల్ల పైనుంచి వెనక్కి చూసి
"నాన్నా, నువ్వు పాత బస్సులా ఉన్నావు" అంది.
కాదనడానికి నా దగ్గర గాలి లేదు.

ఈ ఊళ్లో వాన కురవదు,
అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నట్టు కూర్చుంటుంది.
మార్చి అంతా అదే.
పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి
ఆకాశం ఒక మంచి సాకు ఇస్తుందేమోనని చూసేవాణ్ణి.
పిల్ల అప్పటికే రబ్బరు బూట్లలో దూరిపోయి,
ఎడమది కుడికి, కుడిది ఎడమకి,
తలుపు దగ్గర గెంతుతుండేది.
తనకి అక్కడ లెక్క మిగిలి ఉంది:
రాతిగోడ మీద నత్తలు నిన్న పద్నాలుగు,
ఇవాళ ఎన్నో చూడాలి.

కారులో తిరిగిన రెండేళ్లూ
ఆ గోడ అక్కడే ఉంది.
మాకు తెలియదు.

డోరీన్ గారింటి ముందు ఆగడం నియమం.
ఎనభై దాటిన ఆవిడ పాలసీసాలు కడిగి
గడప పక్కన వరసగా నిలబెడుతుంది.
"పారేస్తే మాత్రం ఎక్కడికి పోతుందమ్మా,
ఎక్కడో ఒకచోట ఉండాలిగా" అందోసారి.
నీరదకి అక్కడే అర్థమైంది.
నాకు సాయంత్రం అర్థమైంది,
చెత్తబుట్ట ముందు గొంతుక్కూచుని
చిప్స్ పాకెట్లు లెక్కపెడుతున్న పిల్లని చూసి.
పదకొండు.
తొమ్మిది నావే.

అన్ని రోజులూ ఇలా లేవు.
ఒకనాడు సగం దారిలో
రోడ్డుకి చల్లే ఉప్పు నింపిన పసుపు పెట్టెమీద కూర్చుని
ఇక అడుగు వేయనంది. బతిమాలాను. కసిరాను.
చివరికి నేనూ పక్కనే కూర్చుని
కమలాపండు ఒలిచాను.
బడి గేటు మూసేశారు.
ఆలస్యం పుస్తకంలో కారణం రాయమంటే
ఏం రాయాలో తెలియక "కొండ" అని రాశాను.
తొక్క జేబులోనే మర్చిపోయాను.
పెరట్లో వానపాముల డబ్బాకి చేరేలోగా
కోటంతా మూడు రోజులు కమలావాసన.

పై మలుపులో హోడాన్ కలిసేది, తమ్ముడి చెయ్యి పట్టుకుని.
తర్వాత ఎదురింటి కవలలు.
ఏప్రిల్‌కి నా వెనక అయిదుగురు.
తప్పు. ముందు అయిదుగురు, వెనక నేను.
ఎక్కుడు మొదలవగానే నేననే అబద్ధం,
"ఇంకొంచెమే",
ఎప్పుడు పట్టేశారో గానీ
సోమాలీ గొంతులూ యార్క్‌షైర్ గొంతులూ కలిసి
"ఇంకొంచెమే! ఇంకొంచెమే!"
కిటికీ తెరలు తొలగించి మరీ చూసేవారు జనం.

మే నెలలో కారు బాగైంది.
మర్నాడు నేనే ముందు వెళ్లి
సీటు వెనక్కి జరుపుకుని, ఇంజను వేడిచేస్తూ కూర్చున్నాను.
అద్దం మీద ఎవరో తట్టారు.
కవలల్లో చిన్నది. వెనక మిగతా దండు.
దాని మొహంలో నిజమైన దిగులు:
"ఒంట్లో బాగాలేదా మీకు?"

తాళంచెవి తీసేశాను.

ఏ కోరిక తీరాలని మొక్కుకున్నానో గుర్తులేదు.
తలనీలాలు ఇద్దామంటే ఉన్నవే కాసిని.
బెల్టుకి మాత్రం రెండు కన్నాలు కొత్తగా పొడిచాను.

ఇవాళ ఎండ.
గోడంతా పొడి. నత్తలు రెండంటే రెండే.
నీరద మూతి ముడుచుకుంది.
నేను మబ్బు కోసం చూశాను.